‘లైఫ్‌టైమ్’ ఆయిల్ – ఎవరి లైఫ్‌టైమ్?

2005 చివర్లో మన దేశంలో లైఫ్‌టైమ్ ప్రీపెయిడ్ సిమ్ కార్డులొచ్చాయి, గుర్తుందా? 999 రూపాయలు ఒక్కసారి కడితే జీవితాంతం ఇన్‌కమింగ్ అన్నారు. జీవితాంతం అంటే ఎవరి జీవితం? మనది కాదు, కంపెనీ లైసెన్సుది అని 2006లో ట్రాయ్ తేల్చింది. 2018కల్లా కనీస రీఛార్జి చేయించకపోతే ఆ ఇన్‌కమింగూ ఉండదన్నారు. అదీ లైఫ్‌టైమ్ కథ.

ఇప్పుడు ఆ మాటే కార్లలో తిరుగుతోంది. “ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఆయిల్ ఎప్పుడు మార్చాలండీ?” అని అడగండి. “అది లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, మార్చక్కర్లేదు” అనేవాళ్ళు చాలామంది దొరుకుతారు. ఇబ్రహీంపట్నంలో ఇల్లు, గచ్చిబౌలిలో ఉద్యోగం, మధ్యలో బొంగుళూరు గేటు దగ్గర ఔటర్ ఎక్కడం – ఇలా బతికే మాలాంటివాళ్ళకి ఇది చిన్న విషయమేం కాదు. ఆయిల్ మార్పిస్తే వేలల్లో పోతుంది. గేర్‌బాక్సు పోతే బిల్లు లక్షల్లోకి వెళ్ళొచ్చు. కాబట్టి ఈ “మార్చక్కర్లేదు” అనే మాట ఎక్కడ పుట్టిందో ఓసారి చూద్దాం.

కథ 1939లో మొదలవుతుంది. ఎర్ల్ థాంప్సన్ అనే ఇంజనీరు బృందం తయారుచేసిన హైడ్రామాటిక్ గేర్‌బాక్సుని జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కారులో పెట్టింది. అదనంగా 57 డాలర్లు. క్లచ్ పెడల్ లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అదే గేర్‌బాక్సు అమెరికా ట్యాంకుల్లోకీ వెళ్ళింది. 1949లో దీని ఆయిల్‌కి ‘టైప్ ఎ’ అని ఒక ప్రమాణం పెట్టారు. అప్పట్లో సుమారు 25 వేల మైళ్ళకి, అంటే 40 వేల కిలోమీటర్లకి మార్చేయమనేవాళ్ళు. లైఫ్‌టైమ్ అనే ఊసే లేదు.

ఎందుకంటే ఈ ఆయిల్‌ది మామూలు చాకిరీ కాదు. ఇంజను శక్తిని అవతలికి చేర్చాలి, వాల్వుల్లో ప్రెషర్ నిలపాలి, గేర్లకి కందెన కావాలి, వేడిని మోసుకెళ్ళాలి. అన్నిటికన్నా కష్టమైనది ఇంకోటుంది. లోపలి క్లచ్ ప్లేట్లు పట్టుకోవాల్సినప్పుడు పట్టుకోవాలి, అదీ మెత్తగా. ఆయిల్ మరీ జారుడైతే ప్లేట్లు జారి కాలిపోతాయి, మరీ పట్టు ఎక్కువైతే గేరు పడ్డప్పుడల్లా కారు కుదుపిస్తుంది. ఈ బ్యాలెన్స్ కోసం 1970ల మొదటిదాకా వాడిందేంటో తెలుసా? స్పెర్మ్ వేల్ అనే తిమింగలం నూనె!

1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోయే జీవుల జాబితాలో చేర్చింది. 1972, 1973 చట్టాలతో తలుపులు పూర్తిగా మూసుకున్నాయి. దాని బదులు కొత్త రసాయనాలు వెతుక్కోవాల్సొచ్చింది. అలా వచ్చిన డెక్స్రాన్-2 మొదటి ఫార్ములా కొన్ని కూలర్ల అతుకుల్ని తినేస్తోందని తేలి, 1975కల్లా దాన్నీ మార్చారు. మన భాషలో చెప్పాలంటే రిలీజ్ చేశాక బగ్ బయటపడింది, ప్యాచ్ వేశారు.

ఇక లైఫ్‌టైమ్ సంగతి. గేర్‌బాక్సు ఆయిల్ ఎప్పటికీ మార్చక్కర్లేకుండా చేద్దామని ఫోర్డ్ 1967లోనే ‘టైప్ ఎఫ్’తో ప్రయత్నించింది. 1990లకల్లా బేస్ ఆయిల్స్ నిజంగానే బాగుపడ్డాయి, ఆ మాట కొట్టిపారేయలేం. యూరప్ ఖరీదైన కార్లలో డిప్‌స్టిక్ తీసేసి ‘లైఫ్‌టైమ్ ఫిల్’ అని రాయడం మొదలైంది. కారు మొదటి యజమాని దగ్గరున్నంత కాలం మెయింటెనెన్స్ ఖర్చు తక్కువ కనబడితే అమ్మేవాడికి మంచిదే కదా! తమాషా ఏంటంటే, అలాంటి చాలా కార్లకి గేర్‌బాక్సులు చేసిచ్చిన జర్మన్ కంపెనీ జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1 లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్యలో, లేదా 8 ఏళ్ళకి ఆయిల్ మార్చమంటుంది. కారు అమ్మినవాడిది ఒక మాట, గేర్‌బాక్సు చేసినవాడిది ఇంకో మాట. నేనైతే చేసినవాడి మాటే వింటాను.

మా ఇబ్రహీంపట్నం పెద్ద చెరువునే తీసుకోండి. కుతుబ్‌షాహీల కాలం నాటిది. ఊరికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్‌షా ఏలింది 1550 నుంచి 1580 దాకా. కట్ట ఎంత గట్టిదైనా, అడుగున పూడిక పేరుకుపోతే ఏ చెరువైనా నీళ్ళు పట్టదు. అందుకే మనవాళ్ళు ఎండాకాలం పూడిక మట్టి తీసి పొలాలకి తోలుకునేవాళ్ళు. 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టిందీ అందుకే. గేర్‌బాక్సు అడుగున ఉన్న పళ్ళెంలో కూడా క్లచ్ పొడి, లోహపు పొడి అలాగే పేరుకుంటాయి. కట్ట లైఫ్‌టైమే కావచ్చు, పూడికకి లైఫ్‌టైమ్ ఉండదు.

సరే, ఎప్పుడు మార్చాలి మరి?

ముందు మీ కారులో ఉన్నదేంటో తెలుసుకోండి. 2014లో సెలెరియోతో మన దగ్గర పాపులర్ అయిన ఏఎంటీ లోపల మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్, గేరు మార్చే పని ఒక యంత్రం చేస్తుంది, అంతే. దానికి గేర్ ఆయిల్ లెక్క వేరు, ఆ యంత్రంలోని హైడ్రాలిక్ ఆయిల్ లెక్క వేరు. సీవీటీకి దాని సొంత ఆయిలే పొయ్యాలి. టార్క్ కన్వర్టర్ ఉన్నదానికి మాన్యువల్లో రాసిన గ్రేడే పొయ్యాలి, ‘ఏదైనా ఒకటే’ అంటే నమ్మొద్దు.

తర్వాత ఓనర్స్ మాన్యువల్లో ‘సివియర్ కండిషన్స్’ అని చిన్నక్షరాల పట్టిక ఉందేమో చూడండి. ఎండ, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్, బరువు లాగడం – సాధారణంగా ఇవే ఉంటాయి అందులో. మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండలో సాగర్ రోడ్డు మీద ఎల్బీ నగర్ దాకా పాకేవాడిది ‘నార్మల్’ డ్రైవింగ్ ఎలా అవుతుందండీ? ఆయిల్ వేడి 10 డిగ్రీలు పెరిగితే అది పాడయ్యే వేగం దాదాపు రెట్టింపవుతుందని ఇంజనీర్ల మోటు లెక్క. కాబట్టి మనకి ఆ రెండో పట్టికే వర్తిస్తుంది. పట్టికే లేకపోతే 60 నుంచి 80 వేల కిలోమీటర్ల మధ్య మార్పించడం నా లెక్కలో క్షేమం. తక్కువ తిరిగిన కారైనా 8 ఏళ్ళు దాటనివ్వొద్దు.

ఇంకో భయం కూడా ఉంది: “లక్ష దాటాక పాత ఆయిల్ కదిలిస్తే గేర్‌బాక్సు పోతుంది.” అప్పటికే జారుతున్న గేర్‌బాక్సుకి ఆఖరి ఆశగా ఆయిల్ మార్పిస్తారు, అది ఎలాగూ పోయేదే, నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. బాగా నడుస్తున్న కారుకి మెషీన్‌తో ప్రెషర్ పెట్టి కడిగించకుండా, మామూలుగా డ్రెయిన్ చేసి నింపించండి. ఒక్కసారికి మొత్తం రాదు, కొంత టార్క్ కన్వర్టర్లో ఉండిపోతుంది. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి చేయిస్తే సరి.

ఎవరైనా లైఫ్‌టైమ్ అంటే కోప్పడకండి. “ఎన్ని కిలోమీటర్లు, ఎన్నేళ్ళు? రాసిస్తారా?” అని నవ్వుతూ అడగండి. అంకె చెబితే అది ఇంజనీరింగ్. చెప్పకపోతే అది 999 రూపాయల సిమ్ కార్డే :)