సామాన్యవిద్యయు పల్నాటి విద్యార్థియు

బి.ఏ., బి.యస్సి. మొదలగు తరగతుల విద్యార్థి తన ప్రధానవిషయ మేదైనను, తక్కినవారితో పాటు కొన్ని సమానాంశములను చదివి తీరవలయునను నియమమునకు సామాన్యవిద్య యని పేరు. ఇది అమెరికా నుండి దిగుమతియైన నూతన కల్పనమని పలువుర తలంపు. అది సగము మాత్రమే నిజము. తెలుగుదేశమున నీ ప్రశ్న 1914 నాటికే వేఱొక వేషమున పుట్టినది. ఆనాడు పడిన చిక్కుముడి నేటికిని విడలేదు. దానిని చూపుటకు పల్నాటిసీమను సాక్ష్యముగా గైకొనుచున్నాను.

1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయము చిరకాలము ఎఫ్.ఏ. పరీక్షను నడపినది. అందు భాషలతో పాటు గణితము, చరిత్ర మొదలగునవి విద్యార్థులందరును చదువవలసి యుండెను. 1904 నాటి విశ్వవిద్యాలయ శాసనము తరువాత ఇంటర్మీడియెట్ వచ్చెను. విషయములు వర్గములుగా విభజింపబడి, విద్యార్థి తన వర్గము నెన్నుకొను పద్ధతి స్థిరపడెను. అందరికిని ఉమ్మడిగా మిగిలినవానిలో ఇంగ్లీషు మొదటిది. దేశభాషా వ్యాసరచన రెండవది. వ్యాసరచనను అనివార్యము చేయుటలోని యుద్దేశము మంచిది. ఏ శాస్త్రము చదివినవాడైనను తాను తెలిసికొనినదానిని తన వారికి తెలియునట్లు వ్రాయగలుగవలయును. సామాన్యవిద్యకు ఇంతకన్న సూటియైన నిర్వచనము నేను తరువాతి నివేదికలలో చూడలేదు.

కాని అంతలో ‘ఏ తెలుగు?’ అను ప్రశ్న వచ్చినది. గిడుగు రామమూర్తి పంతులుగారు శిష్టవ్యావహారికమును, జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథికమును కోరిరి. 1914లో గురజాడ అప్పారావుగారు విశ్వవిద్యాలయమునకు తమ యసమ్మతిపత్రమును సమర్పించిరి. మరుసటి యేడు కన్నుమూసిరి. నాటికి గ్రాంథికపక్షమే నెగ్గినది. (ఈ వ్యాసము నెగ్గినవారి భాషలోనే నడచుచున్నదని పాఠకులు నన్ను ఎత్తిపొడిచిన ఒప్పుకొందును, అలవాటు బలీయము.) ఈ వివాదమును మన సాహిత్యచరిత్రకారులు భాషావివాదముగనే వ్రాసిరి. అది విద్యావివాదము కూడ. ఏ తెలుగు అను పోరులో, ఆ వ్యాసమున విద్యార్థి దేనిని గూర్చి వ్రాయవలెను, ఎవరి కొఱకు వ్రాయవలెను అను ప్రశ్న మరుగుపడినది. గురజాడవారి పక్షమున నా ప్రశ్న సజీవముగ నుండెను. అది యోడుటతో ప్రశ్నయు నోడినది.

అప్పుడు పల్నాట కళాశాల లేదు. పైచదువు కోరినవాడు గుంటూరునకు పోవలసినదే. అయితే చెప్పదగిన విషయము మాత్రము కొల్లలుగ నుండెను. 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు పల్నాటి వీరచరిత్రమును పరిష్కరించి ప్రకటించిరి. అంతకు ముందు శతాబ్దములుగా ఆ కథను కారెంపూడి వీరోత్సవములలో పాడినవారు వీరవిద్యవంతులు. కులభేదము పాటింపక అందరిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టిన బ్రహ్మనాయుని చాపకూడును గూర్చి చదువురాని రైతునకును తెలియును. రాజ్యాధికారము, దాయాదుల వైరము, కులవ్యవస్థ, యుద్ధఫలము – ఇవి సామాన్యవిద్యకు పనికిరాని విషయములని ఎవ్వరనగలరు? విశ్వవిద్యాలయము వానిని కావ్యపాఠముగ గుర్తించినదే గాని ప్రతి విద్యార్థికిని ఆలోచనాసామగ్రిగ గుర్తింపలేదు.

ఇక రెండవ ఘట్టము. 1948లో నియమితమై 1949లో నివేదిక సమర్పించిన విశ్వవిద్యాలయ విద్యాసంఘమునకు అధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. 1931 నుండి 1936 వఱకు ఆంధ్రవిశ్వవిద్యాలయోపాధ్యక్షులైన వారికి మన కళాశాలల సంగతి కొత్తది కాదు. సామాన్యవిద్యను జాగు చేయక ప్రవేశపెట్టవలయునని ఆ సంఘము సిఫారసు చేసెను. సభ్యులలో నిరువురు అమెరికావారి పేళ్లు ఇచట తలపవలసి యున్నవి. జాన్ టైగర్ట్‌గారు ఫ్లారిడా విశ్వవిద్యాలయాధ్యక్షులుగ నుండి 1935లో అచట అందరికిని ఉమ్మడి పాఠములు చెప్పు కళాశాలను ఏర్పరచినవారు. ఆర్థర్ మోర్గన్‌గారు చదువును, పనిని మార్చి మార్చి చేయించు ఆంటియాక్ కళాశాలను నడపినవారు; పిదప టెన్నెసీ నదీలోయ ఆనకట్టల సంస్థకు ప్రథమాధ్యక్షులు. నివేదికయందు గ్రామీణ విశ్వవిద్యాలయములను గూర్చి ప్రత్యేకాధ్యాయమే కలదు. మన దేశము టైగర్ట్ పద్ధతిలోని పాఠములను కొంత గైకొనినది. మోర్గన్ పద్ధతిలోని పనిని విడిచినది. పాఠమునకు పుస్తకము చాలును, పనికి ఊరు కావలెను గదా!

ఆ మరుసటి యేడు, 1950లో, నరసరావుపేటయందు శ్రీ సుబ్బరాయ నారాయణ కళాశాల వెలసెను. పల్నాటివారికి పట్టవిద్య చేరువైన దానితోనే. డిగ్రీ మొదటి సంవత్సరమున బుద్ధుడు మొదలగు మహనీయుల జీవితములను బోధింపవలెనని రాధాకృష్ణన్ సంఘము సూచించియుండెను. సరిగ నా దశాబ్దముననే మాచర్ల చెంత కృష్ణాతీరమున నేమి జరుగుచుండెనో చూడుడు. నాగార్జునకొండ శిథిలములు వెలుగులోనికి వచ్చినది 1926లో. ఆంధ్రవిశ్వవిద్యాలయము పుట్టిన సంవత్సరమును అదియే. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగరమునకు శంకుస్థాపన చేసిరి. మునిగిపోవు లోయను 1954 నుండి 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి యాజమాన్యమున విస్తారముగ త్రవ్విరి. ఇక్ష్వాకుల విజయపురి, విహారములు, స్తూపములు, క్రీడారంగము బయటపడినవి. బోధిసిరి యను ఉపాసిక వేయించిన శాసనమున కాశ్మీర, గాంధార, చీన, తోసలి, వంగ, వనవాసి, యవన, దమిళ దేశముల ప్రజలను ధర్మమునకు త్రిప్పిన తామ్రపర్ణీద్వీపాచార్యుల ప్రశంస కలదు. మాచర్ల ప్రక్కని లోయ యొకప్పుడు చీనా, సింహళములతో ఒక్క వాక్యమున నిలిచినదన్నమాట. కొన్ని కట్టడములను అనుపునకును, కొండమీదికిని తరలించి పునర్నిర్మించిరి. తక్కిన లోయ జలమయమైనది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ పల్నాటి మెట్టభూములకు వచ్చెను.

చరిత్ర, మతము, శిల్పము, యంత్రనిర్మాణము, వ్యవసాయము, ఊళ్లు కోల్పోయినవారి దుఃఖము ఒక్కచోట కూడిన పాఠ్యపుస్తక మట్టిది వేఱొకటి యుండునా? పాఠ్యప్రణాళిక దానిని తెఱవలేదు. అలీగఢ్, బరోడా వంటి కొన్నిచోట్ల సామాన్యవిద్యకు శ్రద్ధతో ఏర్పాట్లు జరిగినవి. తక్కినచోట్ల అది మార్కుల పట్టికలో చివరి యంతస్తు. మన రాష్ట్రమున తరువాత వచ్చిన భారతీయ వారసత్వము–సంస్కృతి, విజ్ఞానశాస్త్రము–నాగరికత యను పునాదిపాఠములను విద్యార్థులు గైడ్లతో గట్టెక్కిరి. వాని విషయమున ఇంతకన్న వ్రాయవలసినది లేదు.

పర్యావరణ పాఠము మాత్రము నిలిచి చూడదగినది. అది విద్యావేత్తల నుండి కాక న్యాయస్థానము నుండి వచ్చినది. 1991 నాటి తీర్పును అమలుపఱుపుడని సుప్రీంకోర్టు 2003లో మరల ఆదేశించిన మీదట, విశ్వవిద్యాలయ ధనసహాయసంఘము ఆరునెలల పాఠక్రమమును అన్ని శాఖల విద్యార్థులకును విధించెను. యాభై గంటల ఆ పాఠక్రమమున ఆనకట్టల ప్రయోజనములు, అడవులపైనను గిరిజనులపైనను వాని ప్రభావము, నిర్వాసితుల పునరావాసము పేర్కొనబడినవి. ఐదుగంటల క్షేత్రపర్యటనయు నున్నది. పల్నాట నా పాఠము చెప్పు అధ్యాపకునకు సాగర మెదుటనే యున్నది. అయినను పరీక్షలలో వ్రాయబడు ఆనకట్ట ఎక్కువగ నర్మదమీదిదే. కారణము చిన్నది: గైడులో నున్నది నర్మద.

2020–21 విద్యాసంవత్సరమున ఆంధ్రప్రదేశమున ప్రవేశపెట్టిన ప్రణాళికలో సమాజసేవా ప్రాజెక్టు చేరెను. విద్యార్థి మొదటి సంవత్సరము ముగియగనే ఒక గ్రామమునకో పేటకో పోయి, అచటి స్థితిగతులను పరిశీలించి నివేదిక వ్రాయవలయును. డెబ్బదియేండ్లు ఆలస్యముగనైనను మోర్గన్‌గారి పని మనకు వచ్చినది. ఆ మరుసటి యేటినుండి డిగ్రీ చదువంతయు ఆంగ్లమాధ్యమముననే యుండవలెనని ప్రభుత్వము నిర్ణయించెను. ఈ రెండు నిర్ణయములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారు కొలదిమంది.

నేను దిద్దిన నివేదికలలో నొకటి జ్ఞాపకమున్నది. ముప్పది పుటలు ఇంగ్లీషు. పారిశుద్ధ్యము, అక్షరాస్యత, ఆరోగ్యము – అన్నియు ఇతర నివేదికలలో చూచిన వాక్యములే. ఊరిపేరు మాత్రము మారినది. చివర కుట్టులో చేతివ్రాత తెలుగుపుట యొకటి ఇఱికియుండెను. కాలువ చివరి భూములకు వంతు నీరు ఏల చేరదో, పైవారు తూములకడ నేమి చేయుదురో, మిరపతోటకు ఎన్నవ తడికి నీరు తప్పినచో కాపు ఎట్లు రాలునో తండ్రి చెప్పగా వ్రాసికొనిన చిత్తుప్రతి యది. ఇది నివేదికలో నేల చేర్చలేదని యడిగితిని. “ఇంగ్లీషులో ఎట్లా రాయాలో తెలియలేదు సార్. తెలుగులో రాస్తే మార్కులు వెయ్యరన్నారు” అని యా విద్యార్థి బదులిచ్చెను. ఆ పుట శుద్ధవ్యావహారికము. ముప్పది పుటలను ప్రక్కనబెట్టి ఆ పుటకు మార్కులు వేసితిని. ఏ యంశము క్రింద వేయవలెనో మాత్రము మార్కుల పత్రమున కనబడలేదు.