ఆరున్నర వేల డాలర్ల సమీక్ష

1955 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు డెన్వర్ నగరంలో గుండెపోటు వచ్చింది. అప్పటికే ఆ దేశంలో మధ్యవయసు పురుషులెందరినో బలిగొంటున్న ఈ వ్యాధి ఆ సంఘటనతో ఇంటింటి చర్చ అయింది. దోషం ఏ ఆహారానిది? మినసోటా శాస్త్రవేత్త ఏన్సెల్ కీస్ సంతృప్త కొవ్వులను వేలెత్తి చూపారు. లండన్ ఆచార్యుడు జాన్ యుడ్కిన్ చక్కెరను అనుమానించారు. ఇద్దరి వాదాలకూ నాటికి ఉన్న ఆధారాలు అసంపూర్ణమైనవే.

ఈ చర్చను చక్కెర పరిశ్రమవారు ఎంతో శ్రద్ధగా ఆలకించారు. 1943లో వారు షుగర్ రీసెర్చ్ ఫౌండేషన్ అనే సంస్థను నెలకొల్పుకొన్నారు. దాని అధ్యక్షుడు హెన్రీ హాస్ 1954లోనే ఒక ఉపన్యాసంలో ఆశ్చర్యకరమైన లెక్క చెప్పారు. అమెరికన్ల ఆహారశక్తిలో 40 శాతం కొవ్వు నుంచి వస్తున్నది; అది 20 శాతానికి తగ్గి, ఆ లోటును పిండిపదార్థాలు పూరిస్తే, తలసరి చక్కెర వాడకం మూడింట ఒక వంతుకు పైగా పెరుగుతుందని. కొవ్వు మీద నింద పడితే చక్కెరకు లాభమన్న సంగతి వైద్యులకంటె ముందు వ్యాపారులు గ్రహించారన్నమాట.

1965 నాటికి చక్కెరపై అనుమానాలు బలపడ్డాయి. జులై 11న న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక ఆ కొత్త పరిశోధనల గురించి పెద్ద వ్యాసం ప్రచురించింది. రెండు రోజులు తిరగకుండానే, జులై 13న, ఫౌండేషన్ కార్యవర్గం ‘ప్రాజెక్ట్ 226’కు ఆమోదం తెలిపింది. హార్వర్డ్ పోషకాహార విభాగానికి చెందిన మార్క్ హెగ్‌స్టెడ్, రాబర్ట్ మెక్‌గాండీలు, విభాగాధిపతి ఫ్రెడ్రిక్ స్టేర్ పర్యవేక్షణలో, అప్పటివరకు వెలువడిన పరిశోధనలన్నిటినీ సమీక్షించాలి. ప్రతిఫలం 6,500 డాలర్లు; 2016 నాటి విలువలో దాదాపు 50,000.

తరువాత జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలే ఈ కథలో ముఖ్యభాగం. ఫౌండేషన్ పరిశోధన విభాగపు అధికారి జాన్ హిక్సన్ సమీక్షకులకు వ్యాసాలు పంపించారు, చిత్తుప్రతులు చూపించమన్నారు. పని ఎందుకు ఆలస్యమవుతున్నదో హెగ్‌స్టెడ్ సంజాయిషీ ఇచ్చుకొన్నారు: అయోవా పరిశోధకులు చక్కెరకు వ్యతిరేకంగా కొత్త వ్యాసం వెలువరించినప్పుడల్లా దానికి ఖండనగా ఒక భాగాన్ని తిరిగి రాయవలసి వస్తున్నదని! నిష్పక్షపాతమైన సమీక్షలో ఖండన ముందే నిశ్చయమై ఉండదు. చివరి ప్రతి చూసిన హిక్సన్, తాము కోరుకున్నది సరిగ్గా ఇదేనని తృప్తి వెలిబుచ్చారు.

1967లో ఆ సమీక్ష రెండు భాగాలుగా న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. అందులో దొంగ లెక్కలు లేవు. తూకపురాళ్లు మాత్రం రెండు రకాలు. చక్కెరను తప్పుపట్టిన అధ్యయనాలను గట్టి వడపోతకు గురిచేసి పక్కనపెట్టారు. కొవ్వును తప్పుపట్టిన అధ్యయనాల పట్ల అంత పట్టుదల చూపలేదు. గుండెజబ్బు నివారణకు ఆహారంలో కొలెస్ట్రాల్‌ను, సంతృప్త కొవ్వులను మార్చుకుంటే చాలునని తేల్చారు. రచయితల పరిశోధనలకు ఇతరులిచ్చిన విరాళాల ప్రస్తావన వ్యాసంలో ఉంది. ఈ సమీక్షకు చక్కెర సొమ్ము అందిన మాట మాత్రం లేదు. అటువంటి వెల్లడింపును ఆ పత్రిక తప్పనిసరి చేసింది 1984లో.

అదే ఫౌండేషన్ 1968లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఎలుకలపై ఒక ప్రయోగానికి నిధులిచ్చింది. ఫలితాలు చక్కెరకు ప్రతికూలంగా కనిపించసాగాయి. పూర్తిచేయడానికి మరి పన్నెండు వారాలు కావాలని పరిశోధకుడు కోరితే, 1970లో నిధులు ఆపేశారు. ఆ ఫలితాలు ఏనాడూ ప్రచురణకు నోచుకోలేదు.

ఈ వ్యవహారాలను వెలికితీసినది క్రిస్టిన్ కెర్న్స్ అనే దంతవైద్యురాలు. విశ్వవిద్యాలయాల గ్రంథాలయాల్లో భద్రపరచిన పాత ఉత్తరాలను ఆమె ఓపికగా చదివి, సహచరులతో కలిసి 2016లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో ప్రచురించారు. పారదర్శకత మరింత ఉండవలసిందని చక్కెర పరిశ్రమ సంఘం ఒప్పుకొంది. ఆ రోజుల్లో అటువంటి నియమం లేదని కూడా గుర్తుచేసింది. దీనిని కుట్రగా చిత్రించడం అతిశయమని, పరిశ్రమల ధనం నాడు సర్వసాధారణమని వాదించిన చరిత్రకారులూ ఉన్నారు. వారి మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే సర్వసాధారణం కావడం వల్ల దాని ప్రభావం తగ్గదు, పెరుగుతుంది.

ఇది చదివి రేపటినుంచి నెయ్యి గరిటెతో వడ్డించుకోవచ్చుననుకునే మిత్రులకు ఒక మాట. సంతృప్త కొవ్వు అధికమైతే రక్తంలో చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుందన్నది తరువాతి పరిశోధనల్లోనూ నిలిచిన సత్యం. చక్కెర తప్పించుకొన్నంత మాత్రాన కొవ్వు నిర్దోషి కాదు.

మా తరం వైద్యులు చదివినవి ఆ దేశాల పుస్తకాలే. గుండెజబ్బుతో వచ్చిన ప్రతివారినీ నెయ్యి గురించి, వేపుళ్ల గురించి తప్పక అడిగేవాణ్ణి. కాఫీలో చక్కెర ఎన్ని చెంచాలు, రోజుకు ఎన్ని కప్పులు అని, మధుమేహం లేనివారిని అడిగిన గుర్తు నాకు లేదు.