పడుకున్న పీపా

పెట్రోల్ బంకులో పొద్దున షిఫ్ట్ మారే వేళ ఒకతను భూమిలో పాతిన ట్యాంకు మూత తీసి డిప్ రాడ్ దించుతాడు. పైకి లాగి తడి ఎక్కడిదాకా ఉందో చూస్తాడు. గదిలోకి వెళ్లి డిప్ చార్ట్‌లో ఆ సెంటీమీటర్లకు ఎదురుగా ఉన్న లీటర్లు పుస్తకంలో ఎక్కిస్తాడు. అంతే, లెక్క వెయ్యడు. ఆ లెక్క తేలడానికి పట్టిన కాలం తెలిస్తే అతను కర్రను కాస్త మర్యాదగా పట్టుకునేవాడేమో!

చిక్కంతా ట్యాంకు పడుకుని ఉండటంలో ఉంది. అడ్డం 2 మీటర్లు, పొడవు 6.4 మీటర్లు ఉన్న ట్యాంకు నిండితే సుమారు 20,100 లీటర్లు. అడుగున తొలి 10 సెంటీమీటర్లలో పట్టేది 376 లీటర్లే. అదే 10 సెంటీమీటర్లు నడుము దగ్గరైతే దాదాపు 1,280. లోతులో పదో వంతు తడిసింది కదా, పెట్రోల్ కూడా పదో వంతు ఉంటుందిలే అనుకుంటే 2,010 లీటర్లని రాస్తాం. ఉండేది 1,046.

నిలబడ్డ పాత్రతో ఈ బాధ లేదు. ఈజిప్టు లేఖకుడు అహ్మెస్ క్రీ.పూ. 1550 ప్రాంతంలో నకలు రాసిన పపైరస్‌లో గుండ్రటి గాదె లెక్క ఒకటుంది. అడ్డం 9 మూరలు, ఎత్తు 10. తొమ్మిదిలో తొమ్మిదో వంతు తీసెయ్, మిగిలిన ఎనిమిదిని ఎనిమిదితో హెచ్చించు, పదితో గుణించు: 640 ఘనమూరలు. నేటి లెక్కకు 636. గాదె సగమే నిండితే పది బదులు ఐదు వేస్తే సరి.

పాత్ర పడుకుంటే మాత్రం నీటిమట్టం వృత్తాన్ని విల్లులా కోస్తుంది. మన గణితం దాన్ని విల్లనే అంది: నీటిగీత నారి, మధ్య ఎత్తు బాణం. తొమ్మిదో శతాబ్దంలో జైన గణితవేత్త మహావీరుడు 'గణితసారసంగ్రహం'లో ఈ విల్లు వైశాల్యానికి రెండు సూత్రాలిచ్చాడు. స్థూలం కావాలంటే నారికి బాణం కలిపి, బాణంతో హెచ్చించి సగం చెయ్యాలి. చైనావాళ్ల 'తొమ్మిది అధ్యాయాలు' అనే గణిత గ్రంథంలోనూ ఇదే ఉంది. సూక్ష్మం కావాలంటే నారిని బాణంతో హెచ్చించి, అందులో నాలుగో వంతును పది వర్గమూలంతో గుణించాలి. పావులూరి మల్లన తెలుగు చేసింది ఈ మహావీరుడి గ్రంథాన్నే. మన ట్యాంకులో 20 సెంటీమీటర్ల లోతుకు స్థూలం 896 లీటర్లు చెబుతుంది, సూక్ష్మం 1,214. నిజం రెంటికీ నడుమ. పేరుకు సూక్ష్మమైనది సగం నిండినప్పుడు బాగా దగ్గరికొస్తుంది గానీ, అడుగున రెండూ దాదాపు ఒకే మేర తప్పుతాయి.

ఆర్కిమెడీస్‌ది మరో దారి. నిలువు గోడల స్టీలు గ్లాసులో నీళ్లు పోసి, అంచు నుంచి ఒలికిస్తూ, అడుగు సరిగ్గా సగం బయటపడగానే ఆపండి. మిగిలిన నీటిది గుర్రపు డెక్క ఆకారం. దాన్ని ఆయన కొలిచి, గ్లాసు ఒదిగే చతురస్రపు పెట్టెలో సరిగ్గా ఆరో వంతన్నాడు. గుండ్రటి గ్లాసులోంచి కోసిన ముక్క లెక్కలో పై (π) ఊసే లేదు! తోటి పండితుడు ఎరతోస్తనీస్‌కు రాసిన లేఖలోని ఈ సంగతి, ప్రార్థనల పుస్తకం కోసం చెరిపేసిన తోలు పుటల అడుగున చిక్కి, 1906లో పండితుడు హైబర్గ్ కంటపడింది.

ఇక ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్. 1613లో రెండో పెళ్లి అయ్యాక లింజ్‌లో ఇంటికి ద్రాక్షసారా పీపాలు కొన్నాడు. అమ్మకందారు పీపా నడుము మీది రంధ్రంలోంచి కర్రను ఏటవాలుగా అడుగు మూలకు తగిలించి, తడిసిన పొడవును బట్టి ధర చెప్పాడు. పొట్టి పీపాకీ పొడుగు పీపాకీ అదే కర్ర. పెళ్లికొడుక్కి ఇది మింగుడు పడలేదు. 1615లో పుస్తకమే రాశాడు. తీరా తేలిందేమిటంటే, ఆస్ట్రియా పీపాల కొలతలు ఆ కర్ర పొడవుకు గరిష్ఠంగా పట్టే ఆకారానికి దగ్గరున్నాయి. గరిష్ఠం దగ్గర ఆకారం కొంచెం అటూ ఇటూ అయినా పరిమాణం పెద్దగా కదలదు. వ్యాపారి మోసగాడు కాడు. కలన గణితపు తొలి మొలకల్లో ఒకటి ఇలా సారా బేరంలో తలెత్తింది.

సగం ఖాళీ పీపాల బెడద అసలు పన్నులవాళ్లది. 1683లో ఇంగ్లండు ఎక్సైజ్ ఉద్యోగి థామస్ ఎవెరార్డ్ చేయించిన జారుడు కొలబద్దపై పడుకున్న పీపాకు ఒక గీత, నిలబడ్డ పీపాకు మరొకటి ఉండేవి. ఈ కథలో నాకు జ్యామితి పండితుల కంటే ఇలాంటి గుమస్తాలే ఎక్కువ నచ్చుతారు.

నేటి సూత్రం చిన్నదే. పెట్రోల్ మట్టం రెండు కొనల నుంచి వృత్త కేంద్రానికి గీతలు గీస్తే ఏర్పడే కోణంలోంచి దాని సైన్ తీసెయ్యడమే కీలకం. లోతు తెలిస్తే లీటర్లు వచ్చేస్తాయి. లీటర్లు తెలిసి లోతు కావాలంటే సూత్రం లేదు. గ్రహం ఫలానా రోజున ఎక్కడుంటుందో చెప్పే సమీకరణం రూపమూ ఇదే. అక్కడ సైన్‌లో కొంత భాగమే తీసేస్తారు. దాన్ని 1609లో రాసినవాడు కెప్లరే. నేరుగా విప్పడం కుదరదని తనకు తోస్తున్నట్టు అప్పుడే ఒప్పుకున్నాడు. కంప్యూటరు కూడా ఒక ఊహ వేసి, సరిచేసుకుంటూ దగ్గరికెళ్తుంది.

బంకులో 1,046 లీటర్లున్నాయి, ట్యాంకర్ మరో 4,000 దింపబోతోంది. రాడ్ ఎక్కడిదాకా తడుస్తుంది? అతను లీటర్ల వరుసలో వేలు కిందికి జరుపుతూ 5,046 దగ్గర ఆగి, పక్క వరుసలోకి చూస్తాడు: 60 సెంటీమీటర్లకు కాస్త తక్కువ.