పాత పనిముట్ల సంతలో దొరికిన పేరు

పాత సామాను అనగానే మనకు గుర్తొచ్చేది వీధిలో కేకవేసుకుంటూ వచ్చే సామాన్ల అతను, అతని తక్కెడ. ఇనుమైతే కిలో లెక్క, కొయ్యయితే పొయ్యి లెక్క. తాతగారి రంపమైనా, నాన్నగారి ఉలి అయినా ఆ తక్కెడలో ఒకటే. అయితే అలాంటి సామాను కోసమే తెల్లవారుజామున లేచి, వందల మైళ్ళు కార్లలో ప్రయాణం చేసి వచ్చేవాళ్ళు కూడా లోకంలో ఉన్నారు. వాళ్ళ సంగతీ, వాళ్ళ క్రయవిక్రయాల మూలంగా వెలుగులోకి వచ్చిన ఒక పనివాని సంగతీ మన సభ్యులకు, కుటుంబాల వారికి తెలియజేయాలని మా ఉద్దేశం.

అమెరికాలో ఈ అభిరుచికి దారి వేసినవారిలో హెన్రీ మెర్సర్ ముఖ్యులు. 1897లో ఆయన ఏదో చిన్న వస్తువు కోసం ఒక పాత సామాన్ల కొట్టుకు వెళ్ళారు. అక్కడ గుట్టగా పడివున్న పనిముట్లు చూసి ఆగిపోయారు. యంత్రాలు వచ్చాక ఎవరికీ అక్కరలేక పారేసినవి అవి. రాజుల కత్తులు దాచుకుంటున్నాం, దేశాన్ని కట్టిన గొడ్డళ్ళను పారేస్తున్నామే అని ఆయనకు తోచింది. ఆనాటి నుంచి వేల కొద్దీ పోగుచేసి, 1916లో డాయిల్స్‌టౌన్‌లో కాంక్రీటు కట్టడంలో మ్యూజియం తెరిచారు. 1933లో ఇలాంటి ఆసక్తిగలవారు కొందరు కలిసి ఎర్లీ అమెరికన్ ఇండస్ట్రీస్ అసోసియేషన్ స్థాపించారు. 1968లో మిడ్‌వెస్ట్ టూల్ కలెక్టర్స్ అసోసియేషన్, 1983లో బ్రిటన్‌లో టూల్స్ అండ్ ట్రేడ్స్ హిస్టరీ సొసైటీ వచ్చాయి.

ఈ సంఘాల సమావేశాలు చూస్తే మన వారపు సంతే గుర్తొస్తుంది. ఇంకా పూర్తిగా తెల్లవారకముందే కార్లు వచ్చి వరుసగా ఆగుతాయి. వెనుక డిక్కీలు తెరిచి, దుప్పటి పరిచి, రంపాలు, బాడిసలు, ఉలులు, కొలబద్దలు పేరుస్తారు. టార్చిలైటు వేసి బేరాలు మొదలెడతారు. పగటి పూట లోపల బల్లల మీద అమ్మకం, కొన్నిచోట్ల వేలంపాట కూడా ఉంటుంది. మధ్యలో ఒక సరదా కార్యక్రమం. ఎందుకు వాడతారో అంతుపట్టని పనిముట్టును ఒకరు పైకెత్తి చూపిస్తారు, తెలిసినవారు లేచి చెబుతారు. తరచుగా జవాబు చెప్పేది పుస్తకాలు చదివినవారు కాదు, చిన్నప్పుడు దానితో పనిచేసిన ముసలాయన.

ఖరీదు దేన్నిబట్టి? అన్ని భాగాలూ అసలువేనా, బ్లేడును బిగించే కొయ్య చీల తర్వాత చేసిపెట్టిందా అని చూస్తారు. తళతళలాడేలా తోమితే విలువ పెరుగుతుందని మనం అనుకుంటాం గాని, అక్కడ అది తగ్గుతుంది. ఏళ్ళ తరబడి చేతి చెమట తగిలి వచ్చిన నలుపే దానికి సాక్ష్యం. అన్నిటికన్నా ముఖ్యం తయారుచేసినవాడి ముద్ర. అందుకే మోసమూ అక్కడే ఉంది. ముద్ర లేని కొయ్యమీద పేరున్నవాడి ముద్ర కొత్తగా కొట్టి అమ్మే ప్రబుద్ధులు లేకపోలేదు. లోపం ఉంటే ముందే చెప్పి అమ్మేవాడి దగ్గరికే జనం మళ్ళీ మళ్ళీ వస్తారు. ఏ దేశమైనా వ్యాపార నీతి ఒకటే కదా!

ఇక అసలు సంగతికి వద్దాం. మన ఇళ్ళల్లో రందా అంటామే, ఆ చిత్రిక ముందువైపు కొనమీద తయారుచేసినవాడు తన పేరు కొట్టడం అక్కడి ఆచారం. పద్దెనిమిదో శతాబ్దపు చిత్రికలు కొన్ని చేతులు మారుతుండగా, వాటిమీద 'చెలోర్, రెంథమ్ నివాసి' అనే ముద్ర కనబడింది. రెంథమ్ మాసాచుసెట్స్‌లో ఒక ఊరు. ఎవరీ చెలోర్ అని పాత పత్రాలు వెదికితే, సీజర్ చెలోర్ నల్లజాతి బానిస అని తేలింది. యజమాని ఫ్రాన్సిస్ నికల్సన్ అమెరికాలో పేరు తెలిసిన చిత్రికల తయారీదారుల్లో మొదటితరం వాడు. 1753లో నికల్సన్ చనిపోతూ వీలునామా ద్వారా చెలోర్‌కు స్వేచ్ఛ ఇచ్చాడు. దానితోపాటు పనిబల్ల, పనిముట్లు, పదెకరాల భూమి ఇచ్చాడు. మాసాచుసెట్స్‌లో న్యాయస్థానం బానిసత్వాన్ని చెల్లదన్నది 1783లో. అంటే దానికి ముప్పయ్యేళ్ళ ముందే ఇతడు స్వతంత్రుడై, సొంత పేరు ముద్ర కొట్టుకుని, 1784లో కన్నుమూసేదాకా పనిచేసుకు బతికాడు.

తన పేరు తాను పెట్టుకునే హక్కు లేని మనిషి, కొయ్యమీద తన పేరు కొట్టిన మొదటి రోజు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి! ఇవాళ అతని చిత్రిక ఒక్కొక్కటి వేల డాలర్లు పలుకుతోంది, మ్యూజియాల్లో ఉంది. ఇలాంటి పేర్లన్నీ కూర్చి బ్రిటన్ తయారీదారుల మీద గుడ్‌మన్ 1968లో, అమెరికా వారిమీద పొలాక్ దంపతులు 1983లో పుస్తకాలు వేశారు. కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు ముద్రలు చూపించబట్టే అవి సాధ్యమయ్యాయి.

అలాగని ఈ వ్యాపారంలో నష్టం లేదనుకోకూడదు. ఒక వడ్రంగి జీవితమంతా వాడిన పెట్టె సంతకు వస్తుంది. మొత్తంగా అమ్మితే తక్కువ, విడివిడిగా అమ్మితే ఎక్కువ. సాయంత్రానికి ఉలి ఒకరింటికి, రంపం ఇంకొకరింటికి పోతాయి. పనిముట్లు మిగులుతాయి, మనిషి చెదిరిపోతాడు. అందుకే వివేకంగలవారు ఇది ఎవరిది, ఏ ఊరిది, ఎవరి దగ్గర కొన్నాం అని చీటీ రాసి కడతారు.

ఇదంతా దూరదేశపు ముచ్చట అనుకోవద్దు. మనలో దూదేకుల కుటుంబాల పెద్దలు భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి, దాని నరాన్ని కొయ్యతో మీటి దూది ఏకి, పరుపులు కుట్టి పిల్లల్ని పెంచారు. ఆ మోత విని వీధిలోకి పరిగెత్తిన జ్ఞాపకం మాకూ ఉంది. యంత్రాలొచ్చాక ఆ విల్లు అటకెక్కింది, కొన్ని ఇళ్ళల్లో పొయ్యిలోకీ పోయింది. మన పనిముట్లమీద ముద్ర కొట్టే అలవాటు అంతగా లేదు. కనుక పేరు నిలిపే బాధ్యత మనదే.

మీ ఇంట్లో విల్లు, మగ్గం నాడె, కుట్టుకత్తెర, రందా ఏదైనా ఉంటే తక్కెడకు వేయకముందు ఒక్కమాట ఆలోచించండి. అది ఎవరిది, ఎవరి దగ్గర పని నేర్చారు, ఏ ఊళ్ళో చేశారు అని ఇంట్లో పెద్దవారిని అడిగి రాసి పెట్టండి. అమ్మవలసి వస్తే ఆ చీటీతోనే అమ్మండి. పెద్దవారు ఉండగానే అడగాలి, రేపు చెప్పేవారుండరు.