లందలో పుట్టిన కెమిస్ట్రీ (6వ భాగం)

ఘంటసాల వైపు ఇంటర్ పూర్తిచేసిన చెల్లెళ్లూ తమ్ముళ్లూ అడుగుతున్నారు: డిగ్రీలో కెమిస్ట్రీయా, సముద్ర శాస్త్రమా?

ముందు కాస్త చరిత్ర. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన కంటకొస్సుల రేవు మన ఘంటసాలే అంటారు చరిత్రకారులు. ఇప్పుడు స్తూపం దగ్గర నిలబడితే వరిచేలే కనపడతాయి. కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రుతో తీరం దూరం జరిగింది.

కెమిస్ట్రీని మాత్రం కాలేజీ కనిపెట్టలేదు. మాదిగవాడల్లో లందలుండేవి. పచ్చి తోలు సున్నపునీళ్లలో నానేస్తే వెంట్రుకలు ఊడేవి. తంగేడు చెక్క నీళ్లలో ఊరేస్తే కుళ్లని తోలయ్యేది. చెక్కలోని టానిన్లు తోలులోని కొల్లాజెన్‌ను గట్టిగా పట్టుకుంటాయి. ఆ పని చేసినవాళ్లకు మిగిలింది కంపుగాళ్లన్న తిట్టు. 1948లో మద్రాసులో కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ వచ్చాక అదే పని సైన్సయింది. తర్వాత దాన్ని నడిపిన యలవర్తి నాయుడమ్మ గారిది కృష్ణకు అవతల తెనాలి వైపు. గొప్ప శాస్త్రవేత్తే, కాదనను. లంద దగ్గర నడుం వంచినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి?

కెమిస్ట్రీ పట్టండి. సముద్రం ఎక్కడికీ పోదు: నీటి ఉప్పదనం, కరిగిన ఆక్సిజన్ కొలవడం కెమిస్ట్రీయే. పీజీలో అటు మళ్లాలనుకుంటే ఏ సబ్జెక్టులు అడుగుతారో ఇప్పుడే చూసుకోండి. చేరేముందు ల్యాబ్ తలుపు తెరిపించి చూడండి, బ్యూరెట్లు బీరువాలో ఉన్నాయా, పిల్లల చేతుల్లో ఉన్నాయా అని. ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది, బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్లో ఉన్న రోజుల్లో. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఈ వారమే తీయించండి.