వెనక ఇరుసు: విప్పి కట్టడమా, మార్చడమా

వెనక చక్రాలతో నడిచే బండిలో ఇంజను బలం చక్రాలకు అందే ముందు ఆఖరి మజిలీ వెనక ఇరుసు. రెండు వైపులా చాచిన ఇనప గొట్టాలు, నడుమ ఉబ్బెత్తు గుండు కలిస్తే మెకానిక్కులు హౌసింగ్ అనేది అవుతుంది. ఆ గుండులో పినియన్ అనే చిన్న పళ్ల చక్రం, దానితో పెనవేసుకుని తిరిగే పెద్ద పళ్ల చక్రం క్రౌన్ వీల్, మలుపులో ఒక చక్రాన్ని నెమ్మదిగా, ఇంకోదాన్ని వేగంగా తిరగనిచ్చే డిఫరెన్షియల్, అటొకటి ఇటొకటి యాక్సిల్ షాఫ్టులు ఉంటాయి. ఇది మొరాయిస్తే ఉన్నవి రెండే దారులు. విప్పి, అరిగినవి తీసేసి, మళ్లీ కట్టుకోవాలి. లేదా మొత్తం ఇరుసునే దించి ఇంకోటి ఎక్కించాలి. ఏది మేలని అడిగితే షెడ్డులో పళ్ల అరుగుదల చూసి చెబుతారు. గత వందేళ్లలో ఆ తీర్పును నిజంగా నడిపించింది మాత్రం సామాను దొరకడం, దొరకకపోవడం.

డిఫరెన్షియల్‌కు 1827లో ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెకూర్ పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి పెట్రోలు కారు పుట్టనే లేదు. అతని దృష్టిలో ఉన్నది ఆవిరి బండి. కారు ఇరుసు ఇప్పటి రూపానికి దగ్గరైంది 1926లో, అమెరికాలోని ప్యాకార్డ్ సంస్థ హైపాయిడ్ పళ్లు వాడినప్పుడు. వీటిలో పినియన్ క్రౌన్ వీల్ నడిమధ్యను కాక కాస్త కిందుగా తాకుతుంది. దాంతో ఇరుసుకు బలం మోసుకొచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు కిందికి దిగి, కారు ఎత్తు తగ్గింది, మోతా తగ్గింది. కానీ ఈ పళ్లు ఒకదానిమీద ఒకటి జారుతూ తిరుగుతాయి కనుక మామూలు నూనె వాటి మధ్య నిలవదు. అధిక ఒత్తిడిని తట్టుకునే ప్రత్యేకమైన గేర్ ఆయిల్ పోయాలి. ఇంకో సంగతి, క్రౌన్‌నూ పినియన్‌నూ ఫ్యాక్టరీలోనే జతగా రాపాడించి, చాలా కంపెనీలు రెంటిమీదా ఒకే నంబరు చెక్కుతాయి. ఒకటి పాడైందని ఒకటే మారిస్తే ఆ జత మళ్లీ కుదరదు. బాగుచేత ఖర్చులో సింహభాగం ఈ జతకే పోవడానికి మూలం ఇక్కడుంది.

అమెరికాలో మజిల్ కార్ల కాలాన్ని 1964 పాంటియాక్ జీటీవోతో మొదలుపెట్టడం వాడుక. మధ్యస్థం కారులో పెద్ద కారు ఇంజను దించడమే దాని కిటుకు. తిప్పుడు బలం పెరిగేసరికి దెబ్బంతా వెనక ఇరుసు మీద పడింది. అందుకే ఆనాటి ఇరుసులకు కార్లతో సమానంగా పేరొచ్చింది. జనరల్ మోటార్స్ తన షెవర్లేలలో ఎక్కువగా చిన్న ఇంజన్లకు పది బోల్టుల ఇరుసు, పెద్దవాటికి పన్నెండు బోల్టులది పెట్టింది. క్రౌన్ వీల్‌ను పట్టే బోల్టుల లెక్క బట్టి వచ్చిన పేర్లివి. క్రైస్లర్ 1966లో 425 హార్స్‌పవర్ హెమీ ఇంజనుకు నాలుగు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్సు జోడిస్తే, వెనక డానా 60 అనే బరువైన ఇరుసు వేసింది. దాని క్రౌన్ వీల్ వ్యాసం తొమ్మిదీ ముప్పావు అంగుళాలు. ఫోర్డ్ తొమ్మిది అంగుళాల ఇరుసు 1957లో వచ్చి 1986 దాకా నడిచింది. దాని సుగుణం కట్టుబడిలో ఉంది: షాఫ్టులు కాస్త బయటికి లాగి, బోల్టులు విప్పితే పళ్ల భాగమంతా ఒక్క ముద్దగా ముందువైపు నుంచి ఊడి వస్తుంది. బల్లమీద పెట్టి కట్టుకుని మళ్లీ దూర్చుకోవచ్చు. పన్నెండు బోల్టులదైతే పని మొత్తం కారు కిందే సాగాలి.

అక్కడి యువకులు ఇరుసు విరిగితే బాగుచేయించాలని పెద్దగా తపన పడలేదు. తుక్కు యార్డులు నిండుగా ఉండేవి. ఏ కారు భాగం ఏ కారుకు సరిపోతుందో చెప్పే హాలండర్ పుస్తకాలు 1930ల నుంచే అచ్చవుతున్నాయి. స్టేషన్ వ్యాగన్ కిందిదో, పికప్ ట్రక్కుదో తెచ్చి, గొట్టాలు కోసి పొట్టి చేసి, స్ప్రింగుల దిమ్మెలు కొత్తగా అతికించి ఎక్కించేవారు. ఆ యార్డులు ఖాళీ అవుతుండగా మోజర్, స్ట్రేంజ్, కరీ వంటి సంస్థలు కొత్త ఇరుసులనే తయారుచేసి అమ్మే వ్యాపారంలో స్థిరపడ్డాయి. అంటే మార్చడం అక్కడ సమృద్ధిలోంచి పుట్టిన అలవాటు.

ఇండియా కథ నేరుగా దీనికి ఎదురు. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయి శివ్డీలో కార్ల కూర్పు మొదలుపెట్టింది. ఫోర్డ్ అప్పటికే ఇక్కడ ఉంది. 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సులతో, దేశంలో తయారుచేసే కార్యక్రమం లేని కంపెనీలకు తలుపులు మూతపడ్డాయి. మరుసటి ఏడాదికి రెండూ సర్దుకున్నాయి. అప్పటికే రోడ్లమీద ఉన్న షెవర్లేలు, ఫోర్డులు ఒక్కసారిగా దిక్కులేనివయ్యాయి. సామాను దిగుమతికి లైసెన్సు కావాలి. విదేశీ మారకానికి కటకట. అమెరికాలో మజిల్ కార్లు ఊపుమీదున్న రోజుల్లో ఇక్కడ అలాంటిది కనబడితే అది ఏ దౌత్యవేత్త దగ్గర నుంచో చేతులు మారినదే. దాని ఇరుసు పోతే కొత్తది తెప్పించే ఊసే లేదు. విప్పాలి, ఉన్నదానితోనే కట్టాలి.

ఈ బలవంతపు చదువు కార్ల దగ్గర కంటే లారీల దగ్గర బాగా ఒంటబట్టింది. టాటాలు డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని 1954లో జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టారు. మద్రాసులో అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. సూరత్ బట్ట తెలుగు ఊళ్లకు చేరింది ఈ లారీల మీదే. సూరత్‌లో ఉధ్నా, లింబాయత్ వైపు పవర్‌లూమ్ షెడ్లలో తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలు తరాలుగా పనిచేస్తున్నారు. అక్కడి చీరల బేళ్లు మహారాష్ట్ర దాటి, హైదరాబాదు మీదుగా విజయవాడ దాకా వచ్చేవి. పర్మిట్టు చెప్పిన బరువు ఒకటి, ఎక్కించేది ఒకటి. గుంటలో చక్రం పడినప్పుడు ఆ అదనపు బరువుకు మూల్యం కట్టేది వెనక ఇరుసే: హౌసింగ్ వంగుతుంది, షాఫ్టు తెగుతుంది, పినియన్ పన్ను ఎగిరిపోతుంది.

వాటిని బాగుచేసే ఊరుగా పేరు మోసింది విజయవాడ. 1960లలో ఊరికి తూర్పున ఏర్పడిన జవహర్ ఆటోనగర్ ఆసియాలోనే పెద్ద మోటారు పనివాడల్లో ఒకటిగా ఎదిగింది. బాడీ కట్టేవాళ్లు, కమాను కట్టలు వేసేవాళ్లు, లేతు పనివాళ్లు, క్రౌన్ పనివాళ్లు ఎవరి వీధి వారిదిగా స్థిరపడ్డారు. ఆటోమొబైల్ టెక్నీషియన్స్ అసోసియేషన్ వారి సంఘం. క్రౌన్ పని అందరికీ పట్టుబడేది కాదు. బేరింగుల బిగువు, పినియన్ లోతు సరిచేయడానికి పలచటి రేకు షిమ్ములు ఒక్కొక్కటే వేసి తీసి చూడాలి. పళ్ల మధ్య సందు, అంటే బ్యాక్‌లాష్, చాలా కార్ల ఇరుసుల్లో మిల్లీమీటరులో పదోవంతు నుంచి పావువంతు లోపే ఉండాలి. పళ్లకు రంగు పూసి తిప్పితే ముద్ర ఎక్కడ పడుతోందో కనబడుతుంది. నడుమ పడితే సరే. కొసకో మొదలుకో జరిగితే మళ్లీ విప్పాలి. పేరున్న పనివాళ్లు విప్పకముందే మోత విని చాలావరకు పోల్చేవారు. ఆక్సిలరేటర్ నొక్కినప్పుడే ఊళ వేస్తే పళ్ల ముందు ముఖం అరిగినట్టు, వదిలినప్పుడు వేస్తే వెనక ముఖం. ఎలా నడిపినా ఆగని గరగర వస్తే బేరింగును అనుమానించాలి. బండి కదిలేటప్పుడు టక్కుమంటే సందు పెరిగినట్టు. హౌసింగ్ అరిగిన చోట వెల్డింగుతో లోహం నింపి, లేతు మీద కోసి సైజుకు తెచ్చేవారు. కొత్త హౌసింగ్ దొరికే రోజుల్లో ఈ పనికి ఎవరూ పూనుకోరు. కొరత లేకపోతే ఈ విద్యే పుట్టేది కాదు.

ఇదే ప్రశ్నకు ఆర్టీసీ వేరే జవాబు కనిపెట్టింది. దాని మూలాలు 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు రవాణాలో ఉన్నాయి. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడింది. డిపోలో బస్సు ఇరుసు పాడైతే అక్కడే విప్పుకుంటూ కూర్చుంటే ఆ సర్వీసు రద్దవుతుంది. అందుకని సిద్ధంగా ఉన్న ఇంకో ఇరుసు ఎక్కించి, పాతదాన్ని జోనల్ వర్క్‌షాపుకు పంపుతారు. ఉప్పల్, కరీంనగర్, విజయవాడ విద్యాధరపురం, నెల్లూరు వంటి చోట్ల ఉన్న ఆ వర్క్‌షాపుల్లో అది బాగుపడి, మరో బస్సుకు వెళుతుంది. బస్సుకు మార్పిడి, ఇరుసుకు బాగుచేత. రెండు దారులనూ ఒకే పద్ధతిలో ఇంత తెలివిగా కలిపినవాళ్లు సొంత కార్ల లోకంలో అరుదు.

కార్లకు వస్తే, ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన అంబాసిడర్ 1950ల చివర మొదలై 2014 దాకా వచ్చింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి తెచ్చుకున్న నమూనా దశాబ్దాలు పెద్దగా మారకపోవడంతో ఇరుసు సామాను ఏ చిన్న ఊళ్లోనైనా దొరికేది. కొత్తదో, విప్పినదో అన్న చర్చ అక్కడ ధరతోనే తేలిపోయేది. ఇండియా మజిల్ కారుగా ఇప్పటి అభిమానులు చెప్పుకునే కాంటెస్సా సంగతి వేరు. వాక్స్‌హాల్ వీఎక్స్ అచ్చులతో 1984లో మొదలై 2002లో ఆగింది. మొదట్లో బండికి తగని యాభై హార్స్‌పవర్ ఇంజను. ఆ తర్వాతే 1.8 లీటర్ ఇసుజు వచ్చింది. రూపానికి పేరు తెచ్చుకుందే గానీ బలానికి కాదు కాబట్టి, ఫ్యాక్టరీ ఇంజనుతో దాని ఇరుసుకు ప్రాణాపాయమేమీ లేదు. పెద్ద జపాన్ ఇంజను దించాలనుకున్నవారికే అది చాలదు.

ఈ శతాబ్దంలో లెక్క మరోసారి తిరగబడింది. అమెరికాలో ఇరుసు గొట్టం మీద కొట్టిన కోడు, తారీఖు కారు తయారీ వివరాలతో సరిపోతే దానికి విలువ ఎక్కువ. ఒకప్పుడు తుక్కులో పారేసిన పది బోల్టుల ఇరుసును ఇప్పుడు వెతికి తెచ్చుకుంటున్నారు. ఇండియాలో 2021 జులైలో వింటేజ్ వాహనాల నిబంధనలు వచ్చాయి. యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉన్నవాటికి వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. అంతకుముందు 1950కి ముందు తయారైన కార్లకే ఉన్న దిగుమతి సౌలభ్యం 2025లో యాభై ఏళ్లు దాటినవాటికీ వర్తించింది. అంటే 1960ల మజిల్ కారు ఇప్పుడు చట్టబద్ధంగా ఈ దేశానికి రావచ్చు. 2023 జనవరిలో వడోదర లక్ష్మీవిలాస్ ప్యాలెస్‌లో జరిగిన కాంకూర్, అంటే పాత కార్ల పోటీ ప్రదర్శన, లాంటి చోట్ల న్యాయనిర్ణేతలు ముందుగా చూసేది కారు ఎంత అసలుదన్నదే.

కాబట్టి పాత కారు ఇరుసు విషయంలో ఇప్పటి తీర్పు ఇలా ఉండాలి. హౌసింగ్ వంగకుండా, దానిమీది కోడు చెరగకుండా ఉండి, ఇంజను ఫ్యాక్టరీదే అయితే విప్పి కట్టించడమే సరి. బేరింగులు, సీళ్లు, క్రౌన్-పినియన్ జత మాత్రం కొత్తవి వేయించాలి. ఇంజను బలం బాగా పెంచినా, హౌసింగ్ వంకర తిరిగినా, గట్టి కొత్త ఇరుసు ఎక్కించుకోవడంలో తప్పు లేదు. అప్పుడు కూడా పాతదాన్ని తుక్కుకు తూకం వేయకుండా, నూనె పూసి షెడ్డులో ఉంచండి. కారు అమ్మే రోజున కొనేవాడు మొదట అడిగేది దాన్నే.