బడికి వెళ్ళని పిల్ల

సన్నీవేల్ నుంచి బర్క్‌లీకి 40 మైళ్ళ పైచిలుకు. 1990లలో ఇడ్లీ సాంబారు మీద బెంగ పుట్టిన బే ఏరియా వాళ్ళకి బర్క్‌లీలోని పసంద్ హోటలు పరిచయమే. దాని యజమాని లకిరెడ్డి బాలిరెడ్డిది అప్పటి కృష్ణా జిల్లాలో మైలవరం దగ్గరున్న వెల్వడం. 1960లో కెమికల్ ఇంజనీరింగ్ చదవడానికి వచ్చి, వెయ్యికి పైగా అపార్టుమెంట్లు సంపాదించాడు. ఊళ్ళో బడులు కట్టించాడు. మనం సభల్లో శాలువా కప్పే రకం జీవితచరిత్ర.

1999 నవంబరు 24న బర్క్‌లీలో అతని అపార్టుమెంటు ఒకదానిలో, హీటరు గొట్టం మూసుకుపోయి కార్బన్ మోనాక్సైడ్ నిండి, 17 ఏళ్ళ తెలుగమ్మాయి చనిపోయింది. చెల్లెలు బతికింది. కొందరు మగవాళ్ళు చుట్టిన తివాచీ ఒకటి మోసుకొచ్చి వ్యానులోకి ఎక్కించడం, ఏడుస్తున్న ఇంకో పిల్లని కూడా ఎక్కించబోవడం అటుగా కారులో వెళుతున్న ఒక మహిళ చూసింది. ఆవిడకి తెలుగు రాదు, వాళ్ళెవరో తెలియదు. అయినా కారు ఆపి, పోలీసుల్ని పిలిపించింది.

పత్రికల్లో అది ముందు ప్రమాదవార్తగానే వచ్చింది. బర్క్‌లీ హైస్కూలు విద్యార్థి పత్రికలో పనిచేసే ఇద్దరు అమ్మాయిలకి మాత్రం ఒక సందేహం వచ్చింది: పదిహేడేళ్ళ పిల్ల మన బడిలో ఎందుకు లేదు? ఆ డిసెంబరులో వాళ్ళు రాసిన కథనమే వెట్టిచాకిరి మాట మొదట పైకి తెచ్చింది. ఇక్కడ ఇన్ని వేల తెలుగు కుటుంబాలుండగా ఆ ప్రశ్న బడిపిల్లలు అడగవలసి వచ్చింది.

2000 జనవరిలో బాలిరెడ్డిని అరెస్టు చేశారు. విచారణలో బయటపడ్డ పద్ధతి మన సాఫ్టువేరు జనానికి బాగా తెలిసిన దారిలోదే. పేరుకో కంపెనీ, హెచ్-1బి వీసా. ఆ వీసా మీద వచ్చినవాడి కూతుళ్ళుగా కాగితాల మీద పక్కింటి పేదపిల్లలు. అసలు తల్లిదండ్రులు ఊళ్ళోనే ఉన్నారు. చాలామందివి దళిత కుటుంబాలు. ఊళ్ళో భూస్వామికీ కూలికీ ఉన్న సంబంధమే విమానమెక్కి వచ్చిందని నా అభిప్రాయం. తాళం వేసిన గది అక్కర్లేదు. భాష రాదు, అమ్మానాన్నా అతని ఊళ్ళో, అతని దయమీద ఉన్నారు. అదే తాళం.

2001లో నేరం ఒప్పుకున్నాడు: మైనర్లని లైంగిక దోపిడీ కోసం తీసుకురావడం, వీసా మోసపు కుట్ర, తప్పుడు పన్ను లెక్కలు. 97 నెలల జైలు, 20 లక్షల డాలర్ల పరిహారం. మనుషుల అక్రమ రవాణా మీద ప్రత్యేకమైన ఫెడరల్ చట్టం 2000 అక్టోబరులో గాని రాలేదు. అందుకే పాత సెక్షన్లు. ఆ చట్టంతోనే బాధితులకి టి-వీసా వచ్చింది, ఏడాదికి 5,000 వరకు. కాలిఫోర్నియా తన సొంత చట్టం 2005లో చేసుకుంది.

అప్పుడు మన విందుల్లో వినబడ్డ మాటలు ఇంకా చెవుల్లో ఉన్నాయి. "ఊరికి ఎంత చేశాడండీ!" "అక్కడుంటే వాళ్ళకి తిండైనా దొరికేదా?" మన పరువు పోతోందన్న బాధ ఎక్కువ వినబడింది, పోయిన పిల్ల గురించి తక్కువ. పసంద్ ముందు నిలబడి నిరసన తెలిపినవాళ్ళలో దక్షిణాసియా యువత ఉన్నారు. వాళ్ళని తిట్టినవాళ్ళూ మనలో ఉన్నారు.

ఇదంతా బర్క్‌లీ గొడవ అనుకుంటే, సన్నీవేల్‌లో ఇండియా నుంచి వచ్చిన పనిమనిషి ఉన్న ఇల్లు ఎలా కనబడుతుంది? చక్కటి లాన్, రెండు కార్లు. ఆవిడ పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉందో వీధిలోకి కనబడదు. బలవంతపు చాకిరీ కోసం మరొకరి పాస్‌పోర్టు దాచిపెట్టడం 2000 చట్టం ప్రకారం నేరమే. పలకరిస్తే ఇంటావిడే జవాబు చెప్పడం, జీతం "ఊరికి పంపిస్తున్నాం" అనడం, బడి ఈడు పిల్ల పగలంతా ఇంట్లోనే ఉండటం - ఇవి చూసి ఒక్కమాట అడగవచ్చు, ఆ మనిషిని ఒంటరిగా, తెలుగులోనే. బే ఏరియాలో 1991 నుంచి పనిచేస్తున్న మైత్రి సంస్థ ఉంది. దేశవ్యాప్తంగా పనిచేసే ఉచిత ఫోను 1-888-373-7888. పేరు చెప్పనక్కర్లేదు, దుబాసీని అడగవచ్చు.